పొల్లుకో మీట... వేలికో ఊరట!

కత్తిపీట మొద్దుబారితే సానపట్టేవాడి కేక కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంటాం. రోలు నున్నబడితే గంట్లు కొట్టిస్తాం. కుక్కరు రబ్బరు వదులైతే ఆ పూటే మార్పిస్తాం. రోజూ చేత్తో వాడే వస్తువు చేతికి అనువుగా ఉండాలన్న సంగతి ఆడవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. మరి కంప్యూటరు కీబోర్డు దగ్గరికొచ్చేసరికి ఏం చేస్తున్నాం? పెట్టెలో ఏది వస్తే దానిమీదే టకటకా కొట్టేస్తున్నాం. అది గట్టిగా ఉందా, మెత్తగా ఉందా, అసలు మన తెలుగుకి సరిపోతుందా అని అడిగిన పాపాన పోయామా?

నేనూ అడగలేదు, వేలు అడిగేదాకా.

కథలు రాయడం నా వ్యసనం. పన్నెండేళ్లుగా కాగితం మానేసి కంప్యూటరు మీదే రాస్తున్నాను. మధ్యాహ్నం మావారూ పిల్లలూ బయటికి వెళ్లాక, అత్తగారు కునుకు తీసే రెండు గంటలూ నావి. కిందటేడు ఎండాకాలంలో ఎడమచేతి మధ్యవేలు నొప్పి మొదలైంది. మొదట చపాతీలు వత్తినందుకేమో అనుకున్నాను. తర్వాత్తర్వాత గ్లాసు పట్టుకున్నా సలుపే. డాక్టరుగారు నరాలూ ఎముకలూ బాగానే ఉన్నాయి, వేలిని కదిలించే నరంలాంటి తాడు అలిసిపోయింది, ఒక నెల విశ్రాంతి ఇవ్వమన్నారు. "ఎడమచేతి మధ్యవేలితో అంత పని ఏం చేస్తారమ్మా మీరు?" అని కూడా అడిగారు.

ఇంటికొచ్చి ఆలోచిస్తే అప్పుడు దొరికింది దొంగ. పొల్లు!

తెలుగు టైపు చేసేవాళ్లలో చాలామంది ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగులోకి మార్చుకుంటారు. నేను నేర్చుకున్నది ఇన్‌స్క్రిప్ట్. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఖరారు చేసిన కీబోర్డు అమరిక ఇది. హిందీకీ, కన్నడానికీ, తెలుగుకీ 'క' ఒకే మీట మీద ఉంటుంది. అచ్చులూ గుణింతాలూ చాలావరకు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి. ఎంతో తెలివైన ఏర్పాటు, నాకు ఇప్పటికీ ఇష్టమే. కానీ ఇందులో వత్తు రావాలంటే ముందు పొల్లు కొట్టాలి. ఆ పొల్లు ఇంగ్లీషు 'డి' మీట మీద, అంటే ఎడమ మధ్యవేలి కింద ఉంది. షిఫ్టు పట్టుకుని అదే మీట కొడితే 'అ' వస్తుంది.

ఇప్పుడు 'అత్తయ్య' అని కొట్టి చూడండి. అ, త, పొల్లు, త, య, పొల్లు, య. ఏడు దెబ్బల్లో మూడు ఆ ఒక్క వేలివే! 'స్వాతంత్ర్యం' అంటే పన్నెండు దెబ్బలు, అందులో పొల్లు మూడుసార్లు. హిందీలో లేనన్ని జంట హల్లులు మన మాటల్లో. అమ్మ, అయ్య, అక్క, చెల్లెమ్మ, వియ్యపురాలు... చుట్టరికాలన్నీ వత్తులే. పైగా నావన్నీ సంసారపు కథలు. ఇంక ఆ వేలి గతి ఏం కాను?

"ఫోన్లో నోటితో చెబితే అదే రాసేస్తుంది కదా, ఎందుకీ అవస్థ?" అన్నారు మావారు. రాస్తుంది, నిజమే. కానీ అత్తాకోడళ్ల కథని హాల్లో అత్తగారు పడుకుని ఉండగా పైకి చదివి రాయించడం ఎవరివల్ల అవుతుందండీ?

అటకమీది చుట్టం

ఆ నెల్లోనే మా అక్క కొడుకు వచ్చాడు. ఇంజినీరింగు రెండో ఏడు. వాడికి కీబోర్డుల పిచ్చి. ఈ తరం పిల్లలకి ఇదొక సరదా. దుకాణంలో రెడీమేడ్‌గా కొనకుండా మీటలు ఒకచోట, పెట్టె ఒకచోట, లోపలి బోర్డు ఒకచోట తెప్పించుకుని తమకి కావలసినట్టు కూర్చుకుంటారు. బట్ట కొని కుట్టించుకోవడం లాంటిదే అనుకోండి. ఇంకొంచెం ముదిరినవాళ్లు పాతకాలపు స్విచ్చీల కోసం పాత సామాను దుకాణాలు గాలిస్తారు.

నా వేలి సంగతి విని వాడు చెప్పిన మొదటి మాట: "పిన్నీ, నువ్వు కొడుతున్నది రబ్బరు పట్టీ మీద." విప్పి చూపించాడు. చవక కీబోర్డుల్లో మీటలన్నిటి కిందా ఒకే రబ్బరు పొర, దానికి చిన్నచిన్న బుడిపెలు. మీట అడుగుదాకా దిగి బల్లకి గుద్దుకున్నంత పని అయితేగాని అక్షరం పడదు. కొన్నాళ్లకి రబ్బరు బిరుసెక్కుతుంది, మనం ఇంకా గట్టిగా గుద్దుతాం.

మెకానికల్ కీబోర్డులో అలా కాదు. ప్రతి మీటకీ దానిదే అయిన స్విచ్చి, దాని స్ప్రింగు దానిదే. అక్షరం పడటానికి మీట సగం దిగితే చాలు. పడిందన్న సంగతి కొన్నిట్లో 'టిక్' మని వినిపిస్తుంది, కొన్నిట్లో వేలికి చిన్న గతుకులా తెలుస్తుంది, కొన్నిట్లో ఏమీ తెలియదు, నున్నగా దిగిపోతుంది. మన డీటీపీ సెంటర్లలో టీవీఎస్ గోల్డ్ కీబోర్డు చప్పుడు గుర్తుందా? వాన చినుకులు రేకుల మీద పడ్డట్టు ఉండేది. అది 'టిక్' జాతి. జర్మనీకి చెందిన చెర్రీ కంపెనీ నీలం స్విచ్చీలు చాలాకాలం అందులో వచ్చేవి.

ఆ మాటల్లోనే నాకు తెనాలి అటక గుర్తొచ్చింది. మా మేనమామ అక్కడ డీటీపీ సెంటరు నడిపేవాడు. విజయవాడలో ఎవరో కొత్తవి కొనుక్కుని పాతవి అమ్మేస్తుంటే ఒక మెకింతోష్ కంప్యూటరు కొనుక్కొచ్చాడు. పేరుకి సెంటరు మావయ్యది. పొద్దున్న వంట ముగించి, పమిట దోపుకుని ఆ మెకింతోష్ ముందు కూర్చునేది అత్త. పంచాంగాలు, శుభలేఖలు, ఎవరెవరివో కవితా సంకలనాలు. ఎన్ని వేల పేజీలు కొట్టిందో లెక్కలేదు. వేసవి సెలవులకి వెళ్లినప్పుడు ఆ బల్లకిందే కూర్చుని నేను బొమ్మలాడుకునేదాన్ని. సెంటరు మూసేసి చాలా ఏళ్లయింది. అత్తకి ఫోను చేస్తే, "ఆ డొక్కు ఎందుకే? ఎలకలు కొట్టేశాయి. కావాలంటే పట్టుకుపో" అంది.

తెచ్చాం. మావాడు ఒక మీట మీది టోపీ పీకి చూసి, గుళ్లో మూలవిరాట్టుని చూసినట్టు చేతులు జోడించాడు. "పిన్నీ, ఇది ఆల్ప్స్!"

ఆల్ప్స్ అంటే కొండలు కావు, జపాను కంపెనీ. 1948లో వేరే పేరుతో మొదలై 1964లో ఆల్ప్స్ ఎలక్ట్రిక్ అయింది. 2019 నుంచి ఆల్ప్స్ ఆల్పైన్. మా అటకమీద దొరికింది ఆపిల్ కంపెనీ 1990 నుంచి 1995 దాకా అమ్మిన ఎక్స్‌టెండెడ్ కీబోర్డు రెండో రకం. అందులో మీగడ రంగు ఆల్ప్స్ స్విచ్చీలు ఉంటాయి. గతుకు జాతివి. లోపల జారే ముక్కకి రెండు చిన్న రబ్బరు తునకలు అంటించి ఉండటంవల్ల దిగేటప్పుడూ లేచేటప్పుడూ చప్పుడు చెయ్యవు. మధ్యాహ్నం నిద్రపోయే అత్తగారున్న ఇంటికి ఇంతకంటే ఏం కావాలి? ఈ స్విచ్చీల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. పాత కీబోర్డుల్లోంచి తీసుకోవాల్సిందే.

ఇంకో వింత. ముప్పై ఏళ్లయినా ఆ కీబోర్డు మీటలు తెల్లబూడిద రంగు పోలేదు. స్పేసుబారు ఒక్కటే పసుపు రాసిన గడపలా ఉంది. మీటల టోపీలు పీబీటీ అనే గట్టి ప్లాస్టిక్కు, స్పేసుబారు ఏబీఎస్ అనే ఇంకో రకం. ఈ రెండోదే కాలం గడిచేకొద్దీ పచ్చబడుతుంది. అక్షరాలు కూడా పైన అచ్చు వేసినవి కావు, రంగు లోపలికి ఇంకేలా అద్దినవి. అత్త వేళ్లు అన్నేళ్లు అరగదీసినా ఒక్క అక్షరం చెరగలేదు.

బాగా పనిచేసే కీబోర్డయితే విప్పడం పాపమే అంటాను నేను. ఇప్పటి కంప్యూటర్లకి దాని వైరు దూరదు గానీ, మధ్యలో పెట్టుకునే చిన్న డబ్బీ ఒకటి దొరుకుతుంది. అది పెట్టుకుని హాయిగా వాడుకోవచ్చు. మాదాంట్లో ఎలకలు వైరునీ, చెమ్మ లోపలి బోర్డునీ తినేశాయి. స్విచ్చీలు మాత్రం మిగిలాయి.

పోపులపెట్టెలో స్విచ్చీలు

సోల్డరింగు ఐరన్ అంటే నాకు రేడియో రిపేరు కొట్టు గుర్తొస్తుంది. నిజానికి అట్లకాడ పట్టుకున్న చేతికి అదేం గొప్ప కాదు. 25 వాట్లది కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నాం. దాంతో పాటు కరిగిన సీసాన్ని గుటుక్కున పీల్చే చిన్న పంపు. ఒక్కో స్విచ్చీకి రెండు కాళ్లు, ఆ లెక్కన రెండొందల పైచిలుకు అతుకులు విప్పాలి. ఒక్కోదాని దగ్గర రెండు మూడు సెకండ్లు, అంతే. ఎక్కువసేపు పెడితే కాలి చుట్టూ ప్లాస్టిక్కు కరుగుతుంది. కిటికీ తెరిచి, ఫ్యాను గాలి పొగని బయటికి తోసేలా పెట్టుకోవాలి. అతుకులో సీసం ఉంటుంది కాబట్టి ఆ చేత్తో ఏమీ తినకూడదు, లేవగానే సబ్బుతో కడుక్కోవాలి. చిన్నపిల్లలున్నవాళ్లు ఆ బల్లదగ్గరికి రానివ్వకండి.

బయటికొచ్చిన స్విచ్చీని రెండు పక్కలా ఉన్న పళ్లు నెమ్మదిగా విప్పితే తెరుచుకుంటుంది. పై కప్పు, జారే ముక్క, స్ప్రింగు, గతుకునిచ్చే పల్చటి రేకు, కరెంటు కలిపే ముక్క, అడుగు భాగం. ఆరు రకాలు. నేను పాత పోపులపెట్టె తీసి ఆరు గిన్నెల్లో ఆరు రకాలూ వేశాను. మావాడు నోరు తెరిచాడు. ఆవాలూ మెంతులూ కలవకుండా చూసుకునేవాళ్లకి ఇదొక లెక్కా?

పాత ఆల్ప్స్‌కి శత్రువు దుమ్ము. లోపల చేరితే మీట గరగరలాడుతుంది. ప్లాస్టిక్కు ముక్కల్ని గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు కలిపి, మెత్తటి బ్రష్షుతో రుద్ది, బట్టమీద నీడలో ఆరబెట్టాను. కరెంటు కలిపే ముక్కని మాత్రం నీళ్లలో వెయ్యకూడదు, లోపలికి చెమ్మ చేరితే ఒక పట్టాన ఆరదు. పల్చటి రేకు వంగితే గతుకు పోతుంది. కుట్టుమిషను నూనె ఒక చుక్క వేస్తేనో అనిపిస్తుంది, వద్దు. నూనె దుమ్ముని పిలుచుకొస్తుంది. నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. మంచివి తొంభై ఎనిమిది తేలాయి. క్యాప్స్ లాక్ కిందిది వేరే రకం. నొక్కితే దిగి అక్కడే కూర్చుంటుంది, మళ్లీ నొక్కితేగాని లేవదు. దాన్ని వాడలేదు.

ఇక స్విచ్చీలని పట్టి ఉంచే రేకు. ఇప్పుడు దొరికే రేకుల్లో ఎక్కువభాగం చెర్రీ కొలతవి, 14 మిల్లీమీటర్ల చదరపు కన్నాలు. ఆల్ప్స్‌కి 15.5 అడ్డం, 12.8 నిలువు కావాలి. మావాడు గీసిచ్చిన బొమ్మ పట్టుకుని బాలానగర్‌లో లేజరుతో రేకులు కోసే షెడ్డుకి వెళ్లాం. ఒకటిన్నర మిల్లీమీటర్ల స్టీలు రేకు, అరవై రెండు కన్నాలు, మధ్య నుంచి మధ్యకి 19.05 మిల్లీమీటర్లు. అక్కడి పెద్దాయన రేకు వెలుతురులోకి ఎత్తిపట్టుకుని, "గిదేంది మేడమ్, జల్లెడనా?" అన్నాడు. కీబోర్డని చెబితే నమ్మలేదుగానీ, అంచులు మాత్రం చెయ్యి తెగకుండా నున్నగా ఆకురాయి పట్టిచ్చాడు.

అరవై రెండు మీటలకి విడివిడిగా తీగలు పెడితే జడలో చిక్కులా తయారవుతుంది. అందుకని అపార్టుమెంటు లెక్క వాడతారు. మూడో అంతస్తు, ఐదో ఫ్లాటు అంటే ఏ ఇల్లో తెలిసిపోతుంది కదా? అలాగే ఐదు అడ్డ వరసలు, పదమూడు నిలువు వరసలు. పద్ధెనిమిది తీగలతో పని తీరిపోతుంది. ఒక చిక్కుంది. ఒక్కసారే మూడు మీటలు నొక్కితే కరెంటు దొడ్డిదారిన వెళ్లి, మనం ముట్టని నాలుగోది కూడా పలుకుతుంది. ముగ్గురు కోడళ్లని పిలిస్తే నాలుగో ఆవిడ కూడా "ఆఁ" అన్నట్టు! దానికి విరుగుడు డయోడు. కరెంటుని ఒకేవైపు పోనిచ్చే జొన్నగింజంత గాజు ముక్క. ప్రతి స్విచ్చీకి ఒకటి అతకాలి, దానిమీది నల్లగీత అన్నిటికీ ఒకేవైపు ఉండాలి. ముగ్గులో చుక్క తప్పకుండా పెట్టడం వచ్చినవాళ్లకి ఈ పని వచ్చినట్టే.

తీగలన్నీ రాస్ప్‌బెర్రీ పై పికో అనే చూపుడువేలంత బోర్డుకి చేరతాయి. 2021లో వచ్చిందిది, నాలుగైదు వందలకి దొరుకుతుంది. ఏ మీట ఏం పలకాలో దానికి చెప్పే క్యూఎంకే అనే ప్రోగ్రాము ఉచితం. ఆ భాగం మావాడు చూసుకున్నాడు. ఏ మీట ఎక్కడుండాలన్నది మాత్రం నేను చెప్పాను.

బొటనవేలు ఖాళీగా ఉందిగా!

ఈ శ్రమంతా దేనికి పడ్డానో ఇప్పుడు చెబుతాను. రెండు బొటనవేళ్లకీ కలిపి కీబోర్డు అప్పగించేది స్పేసుబారు ఒక్కటే. చెయ్యంతటికీ బలమైన వేళ్లు అవి, ఊరికే కూర్చుంటాయి. ఇవాళ్టి అక్షరాల వరస మూలాలు 1870లలో అమెరికాలో షోల్స్ అనే ఆయన చేసిన టైపురైటరు దగ్గరున్నాయి. ఇంగ్లీషుకి మాటకీ మాటకీ మధ్య ఖాళీ చాలు. మనకి అక్షరానికీ అక్షరానికీ మధ్య పొల్లు కావాలి కదా!

నేను పొడుగు స్పేసుబారు తీసేశాను. ఆ చోట మూడు చిన్న మీటలు పెట్టించాను. ఎడమ బొటనవేలి కింద పొల్లు. మిగిలిన రెండూ స్పేసు. ఇంగ్లీషు రాసేటప్పుడు పొల్లు అక్కర్లేదు కాబట్టి, మూలనున్న ఒక మీట కొడితే కంప్యూటరులో భాషా మారుతుంది, ఆ ఎడమ మీట కూడా స్పేసుగా మారిపోతుంది. ఆ మీటకి సరిపోయే టోపీ వేరే దొరక్క పాత ట్యాబ్ మీట టోపీ తొడిగాం. అందుకని నా పొల్లు మీద ఇప్పటికీ 'ట్యాబ్' అనే ఉంది. నాకూ దానికీ అలవాటైపోయింది.

మొదటి వారం చేతులు తడబడ్డాయి. పన్నెండేళ్ల అలవాటు ఒక్కరోజులో పోతుందా? పదోరోజుకి బొటనవేలు దారికొచ్చింది. ఇప్పుడు 'అత్తయ్య' అంటే మధ్యవేలికి ఒక్క దెబ్బే. నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను. డాక్టరుగారు చెప్పిన విశ్రాంతీ తీసుకున్నాను, గంటకోసారి లేచి చేతులు విదిలించుకోవడమూ నేర్చుకున్నాను. ఆల్ప్స్ స్విచ్చీలు మరీ తేలిక కూడా కావు. కాకపోతే గతుకు మొదట్లోనే తగులుతుంది, బల్ల గుద్దే అవసరం ఉండదు. కథ మళ్లీ రెండు గంటలు ఏకబిగిన సాగుతోంది. నాకు కావలసింది అదే.

ఖర్చు సంగతి అడుగుతారని తెలుసు. రేకు కోత 1,100, ఐరనూ పంపూ 600, పికో బోర్డు 400, తీగా సీసం 250, డయోడ్లు 100. బీరువా చేయించినప్పుడు మిగిలిన టేకు చెక్కతో పెట్టె కట్టినందుకు వడ్రంగికి 500. మొత్తం 2,950 రూపాయలు. ఇలాంటివి విడిభాగాలు కొని కూర్చుకుంటే సులువుగా పదివేలు దాటతాయట. "ఒక కీబోర్డుకి మూడువేలా!" అని మా ఇంట్లోనూ అన్నారు. మావారి షేవింగు మిషను ఖరీదు ఎంతో నేను అడగలేదు.

తెనాలి నుంచి అత్త మొన్న పెళ్లికని వచ్చినప్పుడు తీసి చూపించాను. కళ్లజోడు సవరించుకుని, వేళ్లు మీటలమీద ఆనించింది. ఒక్క నిమిషం ఏమీ కొట్టలేదు. తర్వాత కళ్లు మూసుకుని గబగబా నాలుగు వరసలు కొట్టింది. అప్పట్లో ఒక్కో సాఫ్ట్‌వేరుకి ఒక్కో అమరిక ఉండేది కాబట్టి తెరమీద ఏవేవో అక్షరాలు పడ్డాయి, ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆవిడకి మాత్రం తెలుసు. "పంచాంగం పీఠిక. ఏటా ఇదే కొట్టించేవారు" అంది. తర్వాత ఎడమచెయ్యి ముందుకు చాపింది. మధ్యవేలు కణుపు దగ్గర కాస్త వంకర. "నాకూ ఇదే వేలే. అప్పట్లో రోట్లో రుబ్బడంవల్ల అనుకునేవాళ్లం."

పూర్వం సంబంధాలు చూసేటప్పుడు పిల్ల టైపు లోయరా, హయ్యరా అని అడిగేవారు. వేళ్లు ఎలా ఉన్నాయమ్మా అని ఆ టైపు మిషన్ల ముందు కూర్చున్న ఆడపిల్లల్ని అడిగినవాళ్లని నేను ఎరగను. మీ ఇంట్లో అలాంటి పెద్దవాళ్లుంటే ఒకసారి అడిగి చూడండి, కథలు కథలుగా చెబుతారు.

మిగిలిన ముప్పై ఆరు స్విచ్చీలూ హార్లిక్సు సీసాలో, మూత బిగించి పెట్టాను. పక్కింటి ఆవిడ చీటీపాటల లెక్కలు కంప్యూటరులో రాసుకుంటారు. అంకెలొక్కటే ఉండే చిన్న కీబోర్డు తనకొకటి చేసిపెట్టమంటున్నారు. దానికి పదిహేడు చాలు. రేకు కోతకి ఈసారి బాలానగర్ ఆవిడనే తీసుకెళ్తాను.